శభాష్ అన్న యంత్రం

శవం మీద గుడ్డ కప్పి పూట కూడా కాలేదు. పక్క గదిలో కాఫీ ఎందుకు ఆపేశారని గొడవ జరుగుతోంది.

"నేనిక్కడ మెంబర్ని! ఎక్స్‌ప్రెస్ లైన్ మెంబర్ని!" సూటు వేసుకున్న పెద్దమనిషి బల్ల గుద్దుతున్నాడు. "నా పుట్టుపూర్వోత్తరాలు తవ్వి, పది వేళ్ళ ముద్రలూ తీసుకుని, నమ్మకమైన ప్రయాణికుడని కార్డిచ్చారు. ఇప్పుడు మీరొచ్చి దొంగని చూసినట్టు చూస్తే ఎలా?"

డిటెక్టివ్ అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. డిపార్ట్‌మెంట్లో ఆమెకి అత్తగారని పేరు. ఎంత బాగా వండిపెట్టినా ఏదో ఒక వంక పెట్టకుండా విస్తరి ముందు నుంచి లేవదని ఎవరో పెట్టిన పేరు అది. ఆమెకి తెలుసు. కాదనలేదు కూడా.

"మీరు దొంగని నేనలేదు. అవతల ఒక మనిషి చచ్చిపోయాడు, ఇవతల మీకు కాఫీ కావాలి. ఇంతవరకు నాకు తెలిసింది ఈ రెండే. మూడోది మీరు చెప్పండి."

పెద్దమనిషి బల్ల మీంచి చేయి తీశాడు.

చచ్చిపోయినవాడు ఒక మందుల కంపెనీలో కెమిస్టు. ఆ కంపెనీ దగ్గు మందు తాగి పిల్లలు పోయారు. మందులో ఏం కలిసిందో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు ఈ కెమిస్టు, రెండోది అతని కింద పనిచేసే ల్యాబ్ అమ్మాయి. రేపు వేరే ఊరి కోర్టులో ఇద్దరూ సాక్ష్యం చెప్పాలి. విమానం కోసం మెంబర్ల లాంజ్‌లో కూర్చున్నారు. కెమిస్టు చేతులు కడుక్కోవడానికి బాత్రూంలోకి వెళ్ళాడు. తువ్వాలు చుట్టిన పిస్టలుతో ఎవరో వెనకనుంచి కాల్చారు. పిస్టలు అక్కడే చెత్తబుట్టలో దొరికింది. లాంజ్‌లో ఉన్న ప్రతి మనిషినీ, ప్రతి సంచినీ వెతికారు. ఇంకో ఆయుధం లేదు. ల్యాబ్ అమ్మాయిని లాంజ్ మేనేజర్ గదిలో పెట్టి, తలుపు దగ్గర బాబాయిని కాపలా ఉంచింది డిటెక్టివ్. బాబాయి అంటే ఆమె హెడ్ కానిస్టేబుల్. ఇరవై ఏళ్ళుగా వెంట ఉన్నవాడిని ర్యాంకుతో పిలవడం ఆమెకి చేతకాలేదు.

ఇప్పుడు తేలాల్సింది ఒకటే. తనిఖీ దాటి లోపలికి పిస్టలు ఎలా వచ్చింది?

"కారు దిగిన దగ్గర్నుంచి మీ సంచి మీ చేతిలోనే ఉందా?"

"మెంబర్లు సంచులు మోసుకోరండీ. దిగగానే వాళ్ళే తీసుకెళ్ళి ఎక్స్‌రే బెల్టు దగ్గర పెడతారు. మరి ఈ కార్డుతో వచ్చే సుఖమేంటి?"

"ఎవరు తీసుకెళ్ళారు?"

"ఎవడో యూనిఫాం వాడు. వాళ్ళ మొహాలు నేనెందుకు చూస్తాను?"

"లాంజ్‌లోకి వచ్చాక?"

"పక్క కుర్చీలో పెట్టుకున్నాను. మధ్యలో ఓసారి కాఫీకి లేచాను. వచ్చేసరికి బయటి జేబు జిప్పు తీసి ఉంది. అసలు ఆ జేబు నేను వాడనే వాడను."

"అది ఎప్పుడు?"

"కేకలు వినపడడానికి ఓ పావుగంట ముందు."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఏమీ పోలేదు కదా!" అన్నాడు పెద్దమనిషి, తన తెలివికి తనే మురిసిపోతూ.

ఏమీ పోలేదు. వాడని జేబులోకి ఒకటి ఎక్కింది, వాడని జేబులోంచే దిగింది. మూటలో ఏముందో చాకలి గాడిదకేం తెలుసు? ఈ గాడిద మెడలో మాత్రం కార్డుంది. డిటెక్టివ్ కుర్చీ వెనక్కి తోసింది. లేచి బయటికి నడిచింది.

"మరి కాఫీ?" వెనకనుంచి వినపడింది.

ఎక్స్‌ప్రెస్ లైను పక్కనే మామూలు జనం లైను. అద్దం గోడకి అటువైపు ఒక ముసలాయన బెల్టు తీసి, జారుతున్న ప్యాంటుని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో బూట్లు ట్రేలో పెడుతున్నాడు. ఒక తల్లి పాలసీసా మూత తీసి తను ఒక గుక్క తాగి చూపిస్తోంది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఇటువైపు మెంబర్లు బూట్లతో, కోట్లతో, ఫోనులో మాట్లాడుతూ దర్జాగా దాటిపోతున్నారు. హత్య జరిగిన లాంజ్‌కి దారితీసే మొదటి బెల్టు దగ్గర పసుపు రిబ్బను కట్టారు. దాని పక్కనే రెండో బెల్టు గిరగిరా తిరుగుతోంది.

"దీన్ని ఆపమని పొద్దునే చెప్పాను," అంది డిటెక్టివ్.

"విన్నాను," అన్నాడు సెక్యూరిటీ డైరెక్టరు. ఎయిర్‌పోర్టులో అందరూ అతన్ని చాటుగా ఇస్త్రీ అంటారు. మనిషి ఎంత కంగారులో ఉన్నా చొక్కా మడత నలగదు. బయట పత్రికలవాళ్ళతో మాట్లాడి అప్పుడే లోపలికొచ్చాడు. చేతిలో గోధుమరంగు తోలు బ్యాగు. "మెంబర్లు ఊరుకోరు మేడమ్ గారూ. ఒక బెల్టు మూశాను, రెండోది కూడా మూస్తే పైనుంచి నాకు ఫోన్లొస్తాయి."

"కింద శవం ఉంది."

"దానికి కారకురాలు దొరికింది కదా. మొదటి బెల్టు దగ్గర తెర చూసే ఆ స్క్రీనర్ సంతకం పెట్టగానే మీవాళ్ళకి అప్పగించేస్తాను. మీరు కేసు మూసేసుకోవచ్చు. ఇల్లు అలకగానే పండగ కాదంటారా? సరే, సాయంత్రం దాకా అలుకుతూ కూర్చోండి."

అతని పక్కన ఒక పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. స్క్రీనర్లందరికీ శిక్షణ ఇచ్చేది ఆయనే. అందరికీ ఆయన మాస్టారు.

"ఆ పిల్లకి నేర్పిన పాపం నాదే మేడమ్," అన్నాడు మాస్టారు మెల్లగా. "కన్ను మంచిదే. కానీ కన్ను కూడా అలసిపోతుంది కదా. యంత్రానిది మాత్రం ఏ తప్పూ లేదు, నేను చూశాను." డైరెక్టరు వైపు తిరిగాడు. "సార్, బ్యాగు ఇటివ్వండి. లోపల పెట్టేస్తాను. మీరు మాట్లాడుకోండి."

ఇస్త్రీ అటు చూడకుండానే బ్యాగు అందించాడు. మాస్టారు వెళ్ళిపోయాడు.

స్క్రీనర్ని కూర్చోబెట్టిన గదిలో ఒక బల్ల, పాత ఎక్స్‌రే తెర, మూడు కుర్చీలు ఉన్నాయి. ఆమెకి ముప్ఫై ఏళ్ళుంటాయి. ఏ సంచిలో ఏం దాచినా ఆమె కంటబడి తీరుతుందని తోటివాళ్ళు డేగ అని పిలుస్తారు. ఇప్పుడు ఆ కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ముందు ఒక కాగితం, కలం ఉన్నాయి.

డిటెక్టివ్ కాగితం లాక్కుని చదివింది. "ఇది ఎవరు రాశారు?"

"సార్ వాళ్ళే," అంది డేగ. "సంతకం పెడితే సస్పెన్షన్‌తో పోతుందన్నారు. లేకపోతే ఉద్యోగం పీకేస్తామన్నారు."

"పిస్టలని తెలిసి వదిలేశానని ఉంది ఇందులో. అర్థమైందా? తెలిసి అన్న ఆ ఒక్క మాటకి యావజ్జీవం పడుతుంది. హత్యకి సాయం చేసినట్టు."

డేగ చేయి కలం మీదనుంచి చటుక్కున వెనక్కి వచ్చింది, వేడి పెనం తగిలినట్టు.

డిటెక్టివ్ ఇస్త్రీ వైపు చూసింది. అతను చొక్కా కఫ్ సర్దుకుంటున్నాడు. డేగ చదువు రాని పిల్ల కూడా కాదు. పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా కూర్చోబెట్టి, సస్పెన్షన్ అని చెప్పి, జైలు మీద సంతకం పెట్టించబోయాడు. ఆమె కాగితాన్ని డేగకి అందకుండా తన వైపు పెట్టుకుంది.

"మొదట్నుంచి చెప్పు. ఏం చూశావు?"

"పిస్టలు మేడమ్."

"అదిగో, ఒప్పుకుంది!" అన్నాడు ఇస్త్రీ.

"మీరు కాసేపు నోటికి కూడా ఇస్త్రీ చేయించుకోండి," అంది డిటెక్టివ్. "చెప్పమ్మాయ్. పిస్టలు చూశావు. చూసి?"

"బటన్ నొక్కాను. వెంటనే తెరమీద శభాష్ అని వచ్చింది. అది ఉత్తుత్తి బొమ్మన్నమాట. అందుకని బెల్టు వదిలేశాను."

"ఉత్తుత్తి బొమ్మంటే?"

"మేం నిద్రపోకుండా ఉన్నామా లేదా అని యంత్రం మమ్మల్ని పరీక్ష పెడుతుంది మేడమ్. నిజం సంచి బొమ్మ మీద ఓ దొంగ కత్తో, దొంగ పిస్టలో అంటించి చూపిస్తుంది. అచ్చం లోపల ఉన్నట్టే ఉంటుంది. నొక్కితే శభాష్ అని తెరమీద బొమ్మంతా చెరిపేస్తుంది. నొక్కకపోతే మార్కులు పోతాయి. రోజుకి పదో పన్నెండో వస్తాయి."

"నిజమైనది పట్టుకుంటే?"

"శభాష్ రాదు. బెల్టు ఆగిపోతుంది. సూపర్‌వైజర్ వస్తాడు."

"శభాష్ వచ్చాక ఆ సంచిని మళ్ళీ చూడాలని రూలు లేదా?"

డేగ తలదించుకుంది. "ఉంది."

"చూశావా?"

"లేదు మేడమ్. మామూలు లైన్లో చూస్తాం. ఎక్స్‌ప్రెస్ లైన్లో చూడం."

"ఎందుకని?"

డేగ ఇస్త్రీ మొహం వైపు చూసింది. ఇస్త్రీ కిటికీలోంచి బయటికి చూశాడు.

"రాతలో అలాంటి ఆర్డరేమీ లేదు," అన్నాడు.

"నోటితో ఇచ్చారా?"

"మెంబర్లకి ఆలస్యం కాకూడదని... ఒక సూచనగా..."

"సూచన!" అంది డిటెక్టివ్. "సూచన మీది, సంతకం ఈ పిల్లది. బాగుంది." ఆమె డేగ వైపు తిరిగింది. "నువ్వూ తక్కువ దానివి కాదు. రూలు తెలిసి మానేశావు. దానికి నిన్ను వెనకేసుకు రాను. కానీ హంతకుడికి సాయం చేశావా లేదా అన్నది వేరే లెక్క. ఆ పిస్టలు సంచిలో ఏ మూల కనిపించింది?"

"కింద, కుడివైపు. బయటి జేబులో. అడ్డంగా పడుకోబెట్టి ఉంది."

"గట్టిగా చెప్పగలవా?"

"కళ్ళు మూసుకున్నా అదే కనిపిస్తోంది మేడమ్."

"డైరెక్టరు గారూ, ఆ టైములో యంత్రం పెట్టిన ఉత్తుత్తి బొమ్మ ఏది?"

"ఏదైతేనేం? పరీక్ష పెట్టింది, పిల్ల పాసయింది. మాస్టారు చూసి చెప్పాడు."

"మీరు చూశారా?"

"పాస్ అని రాసి ఉన్నాక బొమ్మ చూడడమెందుకు?"

"అంటే పొద్దుటి నుంచి ఒక హత్య కేసులో ఒక్కళ్ళు కూడా అసలు బొమ్మ చూడలేదు."

"ఆ రికార్డు తెరవాలంటే కంపెనీ ఇంజనీరు రావాలి. రేపు..."

"ఈ తెర అడుగుతున్న పాస్‌వర్డు ఇంజనీరుదా, మీదా?" ఆమె పాత తెరని అతని ముందుకి తోసింది. "మీరు తెరవకపోతే, సాక్ష్యం దాచారని రాసుకుని మీ చేతులకే బేడీలేసి ఆ లైన్లోంచి నడిపిస్తాను. మెంబర్లందరూ చూస్తారు. మీ చొక్కా నలుగుతుంది."

ఇస్త్రీ పళ్ళు కొరుకుతూ కూర్చుని టైపు చేశాడు. తెరమీద నారింజ, నీలం రంగుల్లో ఒక సంచి తేలింది. బూట్ల జత, కంప్యూటరు, షేవింగు సామాను. ఎడమవైపు పై మూలలో ఒక కత్తి. దాని చుట్టూ యంత్రం గీసిన పచ్చ గడి. ఉత్తుత్తి బొమ్మ అదే.

కుడివైపు కింద, బయటి జేబులో, అడ్డంగా పడుకోబెట్టి ఒక పిస్టలు. దాని చుట్టూ ఏ గడీ లేదు.

డేగ కుర్చీ ముందుకి లాక్కుని తెర దగ్గరికి వంగింది.

"నేను... నేను కత్తి చూడనే లేదు," అంది డేగ. "పిస్టలు చూసి నొక్కాను."

"యంత్రం కత్తికి శభాష్ అంది," అంది డిటెక్టివ్. "నువ్వు పిస్టలుకి అనుకున్నావు. నువ్వు నొక్కింది దేనికో యంత్రానికి తెలియదు. యంత్రం మెచ్చుకున్నది దేన్నో నీకు తెలియదు. ఇద్దరి మధ్యలోంచి పిస్టలు నడిచి వెళ్ళిపోయింది. మళ్ళీ ఒక్కసారి సంచి తెరిచి చూసి ఉంటే ఆ కెమిస్టు ఈపాటికి విమానంలో ఉండేవాడు."

డేగ మొహం చేతుల్లో దాచుకుంది. డిటెక్టివ్ ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బల్లమీద పెట్టింది.

"ఇది యాదృచ్ఛికం కావచ్చు కదా!" అన్నాడు ఇస్త్రీ. గొంతులో పాత పదును లేదు. "ఉత్తుత్తి బొమ్మలు యంత్రం తనకి తోచినప్పుడు పెడుతుంది."

"ఎప్పుడూ యంత్రమే పెడుతుందా? మనిషి పెట్టే వీలే లేదా?"

"ఉంది. ఎవరికైనా ప్రత్యేకంగా పరీక్ష పెట్టాలంటే ట్రైనింగు రూములోంచి కెమెరాలో బెల్టు చూస్తూ చేత్తో పంపొచ్చు."

"ఈ కత్తి చేత్తో పంపిందా, యంత్రం పెట్టిందా?"

ఇస్త్రీ బొమ్మ కింద చిన్న అక్షరాలు చదివాడు. చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ చదివాడు.

"చేత్తో," అన్నాడు.

"ఇవాళ చేత్తో పంపినవి ఇంకేమైనా ఉన్నాయా? అన్ని లైన్లూ చూడండి."

ఆమె అలవాటు కొద్దీ అడిగింది. పొద్దున ఒకటి పంపినవాడు కిందటి వారం రిహార్సల్ వేసి ఉంటాడేమో, వెనక్కి వెతకాలి అనుకుంటూ ఉంది. అంతలో తెరమీద రెండో బొమ్మ తేలింది. పైన టైము చూసి ఆమె కుర్చీలోంచి లేచింది.

"ఇది ఇప్పటిది," అంది. "ఇరవై నిమిషాల కిందటిది. రెండో బెల్టు."

"నేను ఆపనన్నదే," అన్నాడు ఇస్త్రీ, తనలో తను.

తెరమీద ఒక తోలు సంచి. ఫైళ్ళు, ఒక కళ్ళజోడు డబ్బా. పైన పచ్చ గడిలో ఒక సీసా. డిటెక్టివ్ దాన్ని వదిలేసి తక్కిన బొమ్మంతా జల్లెడ పట్టింది. ఏమీ కనిపించలేదు. పక్కనుంచి డేగ వేలు వచ్చి ఫైళ్ళ అంచు దగ్గర ఆగింది.

"ఇక్కడ మేడమ్. నిలబెట్టి ఉంది. చిన్నది. గొట్టం పైకి."

ఇంకో పిస్టలు.

"ఈ సంచి ఎవరిది? ట్రే ఫోటో ఉంటుంది కదా, తీయండి! త్వరగా!"

ఇస్త్రీ చేతులు కదల్లేదు. ఫోటో తీయాల్సిన పనీ లేకపోయింది. అతని నుదుటిమీద చెమట బొట్లు దొర్లి, మడత నలగని ఆ కాలరులోకి దిగుతున్నాయి.

"నాది," అన్నాడు.

"ఏమిటీ?"

"అది నా బ్యాగు. బయట పత్రికలవాళ్ళు చూస్తున్నారు కదా, నాకు కూడా తనిఖీ తప్పదని చూపించడానికి బెల్టు మీద పెట్టాను. రెండో బెల్టు స్క్రీనర్ పిల్ల బటన్ నొక్కింది. శభాష్ వచ్చింది. అయినా సరే, సంచి పక్కకి తీసి ఒకసారి చూస్తాను సార్ అంది." అతను తెర మీంచి చూపు తిప్పుకున్నాడు. "అందరి ముందూ నేనే తిట్టాను. పాసయ్యావు కదా, ఇంకా ఏం కావాలి, వెనక మెంబర్లు నిలబడ్డారు అని."

డిటెక్టివ్ అతన్ని చూసింది.  ఎంగిలాకు మీద ఈగని చూసినట్టు చూసి వదిలేసింది.

"బెల్టు దగ్గరికి వచ్చేముందు బ్యాగు ఎక్కడుంది?"

"బయట నా ఆఫీసులో. నేను విలేకరుల దగ్గర ఉన్నప్పుడు... మాస్టారు ఫైళ్ళు సర్దిపెట్టాడు. తర్వాత ట్రైనింగు రూములో పనుందని..."

 డేగ చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. "మాస్టారా?" అంది, ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని నమ్మలేనట్టు. "మళ్ళీ చూడకపోతే ఏదో ఒక రోజు కొంప మునుగుతుందని మాకు చెప్పేది ఆయనే కదా మేడమ్!"

చెప్పేవాడికే తెలుస్తుంది, ఎవరు చూడడం మానేశారో. ఆయుధం తన ఒంటిమీద పెట్టుకుని సిబ్బంది గేటులోంచి రాలేడు. అక్కడ గట్టిగా తడుముతారు. అందుకని ఎవరూ తడమని సంచుల్లో పంపాడు. పొద్దున సూటు పెద్దమనిషి మోశాడు. ఇప్పుడు డైరెక్టరు మోశాడు. ఒక పిస్టలు పని అయిపోయి చెత్తబుట్టలోకి వెళ్ళింది. రెండోది తెప్పించుకున్నాడంటే పని ఇంకా మిగిలి ఉందని. దగ్గు మందు సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరు. ఒకరు గుడ్డ కింద ఉన్నారు.

ఎవర్నీ బయటికి పోనివ్వద్దని ఆ రెండో సాక్షిని మేనేజర్ గదిలో పెట్టి తలుపేయించింది తనే.

ఆమె పరుగెడుతూనే ఫోను తీసింది. వెనక డేగ కూడా పరుగెత్తుకొస్తోంది. మెంబర్లు ఎవరో "చూసుకుని నడవండి!" అని అరిచారు. ఫోను మోగుతోంది. మోగుతోంది. ఎత్తారు.

"బాబాయ్! ఆ అమ్మాయి ఎలా ఉంది?"

"నిక్షేపంగా ఉంది మేడమ్," అన్నాడు బాబాయి, నింపాదిగా. "కాస్త భయపడుతోందంతే. పాపం, ఎవరో మాస్టారట, మంచి మనిషి. పిల్లకి ధైర్యం చెబుతానని, తాగడానికి నీళ్ళు కూడా తెచ్చాడు. డైరెక్టరు గారి బ్యాగు చేతిలో ఉంటే మనవాడేలే అని వెతకలేదు. ఇప్పుడే లోపలికి పంపి తలుపు దగ్గరికి వేశాను."